హెడ్విగ్ చేతి ఎర్ర సాస్

“ఇదిగో, ఇక్కడ ముక్కు పెట్టి చూడు. నేనేమన్నా అబద్ధమాడుతున్నానా?”

“చూశానమ్మా తల్లీ. సబ్బు వాసన వస్తోంది.”

“సబ్బా? పియొంటెక్, నీది ముక్కా, గోడకి కొట్టిన మేకా? ఈ దుప్పటి కప్పుకుంటే చాలు, నేనే సాసేజ్ ముక్కనైపోయినట్టు కలొస్తోంది నాకు!”

“కలలో ఎవరైనా తిన్నారా మరి?”

“ఇదిగో, వెటకారాలొద్దు!”

రెండో అంతస్తు మెట్ల మీద జరుగుతోంది ఈ గొడవ. బ్రింక్‌మన్ గారి చంకలో ఆరిన దుప్పట్ల బుట్ట. ఎవాల్డ్ పియొంటెక్ తన గుమ్మంలో చెక్క గరిటె పట్టుకుని నిలబడ్డాడు. గరిటె నుంచి ఎర్రటి చుక్కలు చెప్పుల మీద పడుతున్నా చూసుకోవడం లేదు. పైనుంచి దిగుతున్న నేను మధ్యలో ఇరుక్కుపోయాను.

“హెన్నింగ్, నువ్వు చెప్పు. చదువుకున్నవాడివి.”

“చదువు మధ్యలో మానేశాను కదండీ.”

“వాసన చూడ్డం మానెయ్యలేదుగా? చూడు!”

చూశాను. దుప్పటి నిండా కర్రీ పొడి వాసన. అదీ మాడిన కర్రీ పొడి. ఉన్న మాట చెప్పేశాను. ఎవాల్డ్ నా వైపు ఒక చూపు చూసి తలుపేసుకున్నాడు.

మా బిల్డింగ్‌లో ఒక పద్ధతుంది. పైకప్పు కింద, నా గది పక్కనే, అందరికీ కలిపి బట్టలారేసుకునే అటక. ఒక్కో ఇంటికి ఒక్కో రోజు. గురువారం బ్రింక్‌మన్ గారిది. ఆ రోజు ఇంకెవరి మేజోడూ ఆ తాడు మీదికి ఎక్కకూడదు. ఆ రోజు ఎవరూ చేప వేయించరు, క్యాబేజీ ఉడకబెట్టరు, ఎందుకంటే కింద పుట్టిన వాసన ప్రతిదీ మెట్లు పట్టుకుని నేరుగా అటక్కి పోతుంది. ఎక్కడా రాసి లేదు, కానీ తప్పినవాణ్ణి ఏడాది దాకా ఎవరూ పలకరించరు. పుట్టినప్పటినుంచీ ఇలాంటి మెట్ల మధ్యే పెరిగిన ఎవాల్డ్‌కి ఇది తెలీదని కాదు. తెలిసీ గురువారాలు వండుతున్నాడు. సోమవారాలూ వండుతున్నాడు. ఆ మధ్య రోజూ వండుతూనే ఉన్నాడు.

జర్మనీలో మా ఊరు బోహుమ్‌లో, ట్రామ్ డిపో గేటు ఎదురుగా ఎవాల్డ్, ఆయన భార్య హెడ్విగ్‌ల సాసేజ్ బండి ఉండేది. షిఫ్ట్ దిగిన డ్రైవర్లూ, ఎక్కబోయే డ్రైవర్లూ, స్కూలు వదిలాక మాబోటి పిల్లలూ అక్కడే. ఎవాల్డ్ పెనం దగ్గర. సాసేజ్ చర్మం చిటపటమనే తీరు విని, చూడకుండానే తిప్పేవాడు. జోకులు ఆయనవి, ఫుట్‌బాల్ మీద వాదనలు ఆయనవి. కిటికీ దగ్గర మాత్రం హెడ్విగ్. చేతిలో గరిటె, నోట్లో ఒకటే ప్రశ్న: “మామూలా, కారంగానా?” చిప్స్ మీద ఎర్ర సాస్, తెల్ల సాస్ రెండూ అడిగితే దాన్ని మా ఊళ్ళో ‘గేటు’ అంటారు, రైల్వే గేటు కర్రలాగా ఎరుపూ తెలుపూ ఉంటుంది కాబట్టి. హెడ్విగ్‌కి అది నచ్చేది కాదు. “నా సాస్ పక్కన ఆ సున్నమెందుకురా?” అనేది, అంటూనే వేసేది.

ఆ ఎర్ర సాస్ ఆవిడ ఇంట్లో చేసేది. బండి మూశాక ఇద్దరూ ఇంటికొస్తే ఎవాల్డ్‌ని గుమ్మంలోంచే స్నానానికి తోసేది. “ఒళ్ళంతా నూనె కంపు. నా వంటింట్లోకి రాకు.” ఆయన తల తుడుచుకుంటూ బయటికొచ్చేసరికి గిన్నె మీద మూత పడిపోయేది. పొద్దున్న ఆ గిన్నెని కారెక్కించడమే ఆయన పని. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ సాస్ కొన్ని వేల సాసేజ్‌ల మీద పడటం చూశాడు గానీ, అందులో ఏముందో ఒక్కసారీ అడగలేదు. ఎందుకడుగుతాడు? భార్య చేసే పని భార్య ఉండగా నేర్చుకున్న మగవాణ్ణి మా వీధిలో నేనింతవరకూ చూడలేదు.

హెడ్విగ్‌కి మతిమరుపు మొదలైంది. ఒకరోజు సాస్‌లో చక్కెర మళ్ళీ మళ్ళీ వేసింది. ఇంకోరోజు డిపోకి దారి తెలీక, ఆగి ఉన్న ట్రామ్‌లో కూర్చుని ఏడ్చింది. స్టవ్ మీద టవల్ అంటుకున్నాక బండి అమ్మేసి, ఆవిణ్ణి ఒక వృద్ధాశ్రమంలో చేర్చారు. అక్కడ కొన్నాళ్ళు బాగానే ఉంది. తర్వాత తినడం మానేసింది. సూప్ పెడితే మొహం తిప్పుకుంటుంది, బ్రెడ్ పెడితే పొడిపొడి చేసి బల్ల మీద వరసగా పేరుస్తుంది. చేతులు పుల్లల్లా అయిపోయాయి.

అక్కడి నర్స్ ఇల్‌క్నూర్ మంచి పిల్ల. ఎవాల్డ్‌ని పక్కకి పిలిచి చెప్పింది. “డాక్టర్ గారు పైపు గురించి మాట్లాడుతున్నారు. తిండి ఎక్కించడానికి కడుపులోకి వేస్తారు. ఈలోపు ఆవిడకి బాగా ఇష్టమైనదేదైనా తెచ్చి చూడండి, ఎవాల్డ్ గారూ. ఒక్క నాలుగు ముద్దలు తిన్నా నేను డాక్టర్‌తో మాట్లాడతాను.”

పైపు మాట విన్న రోజు ఎవాల్డ్ నేరుగా ఇంటికి రాలేదు. మార్కెట్‌కి వెళ్ళి, సంచీ నిండా టమాటాలు మోసుకొచ్చాడు.

ఆ సాస్ రుచి నాకు తెలుసు గనక రుచి చూసే పని నాకు పడింది. చీపురు కర్రతో తన వంటింటి కప్పుని కిందనుంచి పొడిస్తాడు, నేను దిగాలి.

“ఎలా ఉంది?”

“జామ్‌లా ఉంది, పెద్దాయనా.”

“ఇదీ?”

“ఇది ఆసుపత్రిలా ఉంది. వెనిగర్ ఒలకబోశారా?”

“ఇంజనీరింగే పూర్తి చెయ్యలేని వెధవవి, సాస్ గురించి నువ్వా నాకు చెప్పేది! ఫో!”

నేను పోయేవాణ్ణి. మర్నాడు మళ్ళీ చీపురు కర్ర.

మార్కెట్‌లో దొరికే అతి మంచి టమాటాలు తెచ్చాడు, వేడినీళ్ళలో ముంచి తొక్కలు ఒలిచాడు. లాభం లేదు. సీసాలో దొరికే కెచప్‌లో పొడి కలిపాడు. అది రైల్వే స్టేషన్‌లో అమ్మే సాస్‌లా ఉంది. పొడిని మరిగే నూనెలో వేయించాడు, వాసన బాగా పట్టాలని. అది కొంచెం మాడి చేదెక్కింది. ప్రతి గిన్నెనీ డబ్బాలో పోసుకుని హెడ్విగ్ దగ్గరికి మోసుకెళ్ళాడు. ఆవిడ వాసన చూసి గోడవైపు తిరిగిపోయేది. ఆయన డబ్బా తిరిగి తెచ్చి సింక్‌లో ఒంపేవాడు. ఆ చప్పుడు నా గదిలోకి వినపడేది.

మరుసటి గురువారం బ్రింక్‌మన్ గారు మెట్ల మీద ఆగలేదు. నేరుగా వంటింట్లోకే వచ్చేశారు.

“పియొంటెక్, నేను మళ్ళీ ఉతకాలా? నీకు మనసనేది ఉందా? హెడ్విగ్ ఇన్నేళ్ళు వండింది, గురువారాలూ వండింది, నా దుప్పట్లకి ఒక్కనాడు కర్రీ వాసన అంటలేదు!”

ఎవాల్డ్ గరిటె తిప్పుతూనే ఉన్నాడు. నాకు మాత్రం ఏదో తట్టింది.

“ఒక్కనాడూ అంటలేదా?”

“లేదంటున్నానుగా!”

“మరి ఏం వాసనొచ్చేది?”

“ఏమొచ్చేదంటే... ఉల్లిపాయ. తర్వాత వెనిగర్ గుప్పున కొట్టేది, నేను అటక కిటికీ తెరిచేదాన్ని. తర్వాత యాపిల్. అది బాగుండేది, నేనేమీ అనలేదు. అంతే. ఇంకేం లేదు. కర్రీ వాసన పొద్దున్నే వచ్చేది, మీరు గిన్నె మెట్లు దింపుతుంటే. అప్పటికి నా బట్టలు అటక మీద ఉండవు.”

ఎవాల్డ్ స్టూల్ మీద కూలబడ్డాడు. “అంటే పొడి పొయ్యి మీద వెయ్యలేదన్నమాట. దింపాక వేసింది.”

“నాకేం తెలుసు? నీ పెళ్ళాం, నీ వంటిల్లు.”

“నా ముక్కు నిండా ఎప్పుడూ నూనె వాసనేనమ్మా,” అన్నాడాయన. “ఇంట్లో ఏం వాసనొచ్చేదో నాకు తెలీదు. నీకు తెలుసు.”

బ్రింక్‌మన్ గారు బుట్ట కింద పెట్టారు. ఏప్రన్ అంచుతో ముక్కు తుడుచుకుని, “రేపు వండు. శుక్రవారం అటక ఖాళీ. నేను పైన నిలబడతా,” అన్నారు.

“ఇక్కడే కూర్చోవచ్చుగా?”

“కుదరదు. నా ముక్కు అక్కడైతేనే పనిచేస్తుంది.”

నిజంగానే పైకెళ్ళి ఖాళీ తాళ్ళ మధ్య కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఎవాల్డ్ కింద వంటింట్లో తలుపు బార్లా తెరిచి, నేను మధ్య మెట్ల మీద. ఆవిడ కేకలు కిందికీ, ఆయన తిట్లు పైకీ మోయడం నా పని.

ఈసారి ఆయన కూడా కొంచెం బుర్ర పెట్టాడు. బాల్కనీలో హెడ్విగ్ పూలమొక్కలు పెంచిన కుండీలన్నీ ఖాళీ టమాటా గుజ్జు డబ్బాలేనని అప్పుడు గుర్తొచ్చింది. కళ్ళెదుటే వేలాడుతున్నాయి. ఆవిడ తాజా టమాటా కొన్నదే లేదు. పొద్దున బ్రెడ్‌కి రాసుకునే నల్లటి చక్కెర దుంప పాకం తను తినకుండానే ఎందుకైపోయేదో కూడా అప్పుడే అర్థమైంది.

ఉల్లిపాయని పిండిలా తరిగి, నూనెలో అద్దంలా మెరిసేదాకా వేయించాడు. డబ్బాలోంచి చిక్కటి టమాటా ముద్ద వేసి, ఇటుక రంగు వచ్చేదాకా కలిపాడు. తర్వాత గుజ్జు. తర్వాత వెనిగర్.

“వెనిగర్ చాలదు!” పైనుంచి కేక. “కిటికీ తెరవాలనిపించడం లేదు నాకు!”

“పొయ్యనా?”

“పొయ్యి! ఇంకా... ఆఁ, ఇప్పుడు తెరుస్తున్నా!”

ఉడికించిన యాపిల్ గుజ్జు పడింది, దుంప పాకం పడింది, మిరియం, ఉప్పు, ఎర్ర మిరప పొడి పడ్డాయి. సన్నటి మంట మీద మరుగుతోంది. బుడగలు బద్ధకంగా లేచి పగులుతున్నాయి. పైనుంచి చాలాసేపు ఏ కేకా లేదు. నేను వెళ్ళి చూస్తే బ్రింక్‌మన్ గారు కళ్ళు మూసుకుని కూర్చున్నారు.

“ఎలా ఉందండీ?”

“మాట్లాడకు. గురువారంలా ఉంది.”

పొయ్యి ఆపేశాడు. గిన్నె అంచు చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాక కర్రీ పొడి వేసి కలిపి, మూత పెట్టాడు. తనే తీసి చూడకుండా ఉండలేనని తెలిసి మూత మీద ఇస్త్రీపెట్టె పెట్టాడు.

పొద్దున్న మూత తీశాక ముందు తనే చెంచాతో నాకి, కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. అలాగే ఉండిపోయాడు. నేనూ తిన్నాను.  నేను నోరు మూసుకుని తినడమంటే ఏమిటో ఆయనకి తెలుసు.

ఆదివారం ఇద్దరం వెళ్ళాం. సాసేజ్‌లు ఆయన ఇంట్లోనే కాల్చి, రేకు కాగితంలో చుట్టాడు. సాస్ డబ్బా నా ఒళ్ళో. ట్రామ్‌లో ఆయన మూత బిగుతుగా ఉందా అని మాటిమాటికీ తడిమి చూస్తున్నాడు.

హెడ్విగ్ భోజనాల హాల్లో కిటికీ దగ్గర బల్ల ముందు కూర్చుని ఉంది. చుట్టూ బల్లల దగ్గర మిగతా ముసలివాళ్ళు. నన్ను చూడగానే, “బన్నులు వెనక పెట్టు బాబూ, ఇక్కడ తడి,” అంది. నా జాకెట్ చూసి బండికి బన్నులు వేసే కుర్రాడనుకుంది. సరేనని డబ్బా బల్ల మీద పెట్టి మూత తీశాను.

వాసన తగిలింది. ఆవిడ భుజాలు లేచాయి. అరచేత్తో బల్ల తుడిచింది, అటూ ఇటూ, అంచుల దాకా. గాల్లో గరిటె కోసం వెతికింది. ఎవాల్డ్ చెంచా అందిస్తే తీసుకుని సాస్‌లో తిప్పి, ఎత్తి, అది ఎలా జారుతోందో చూసింది.

“ఈ పూట బాగా కుదిరింది,” అంది.

ఎవాల్డ్ నావైపు తిరిగాడు. ఆ మొహం నేను చెప్పలేను. సాసేజ్ ముక్క సాస్‌లో ముంచి ఆవిడ నోటి దగ్గర పెట్టాడు.

ఆవిడ వెనక్కి జరిగింది. “ఎవాల్డ్! నీకేమన్నా పిచ్చా?”

పేరు పెట్టి పిలిచి ఎన్నాళ్ళయిందో. ఆయన ముక్కని ఇంకాస్త దగ్గరికి జరిపాడు. “తిను హెడీ. నువ్వు చేసిందే.”

“జనం నిలబడుంటే నేను తినడమేమిటి? సిగ్గులేదూ? ముందు వాళ్ళకి పెట్టు.”

వాళ్ళ బండి దగ్గర పద్ధతే అది. గిరాకీ నిలబడి ఉండగా ఇద్దరిలో ఎవరూ ముద్ద నోట్లో పెట్టరు. ఆఖరి మనిషి వెళ్ళాక హెడ్విగ్ గిన్నె అడుగున మిగిలింది నిలబడే తినేది, అదే ఆవిడ భోజనం. ఇప్పుడు హాల్లో ఉన్నవాళ్ళంతా ఆవిడకి వరసలో నిలబడ్డవాళ్ళే.

“ఎవరూ లేరు హెడీ. వాళ్ళు భోంచేశారు.”

“కళ్ళు పోయాయా? ఆ టోపీ ఆయన ఎప్పట్నుంచీ నిలబడున్నాడు పాపం.” టోపీ ఆయన చక్రాల కుర్చీలో నిద్రపోతున్నాడు.

ఎవాల్డ్ ఇల్‌క్నూర్ దగ్గరికి పరిగెత్తాడు. “అమ్మా, అందరికీ ఒక్కో ముక్క పెట్టనివ్వు. ఒక్కో ముక్కే.”

“కుదరదు ఎవాల్డ్ గారూ. బయటి తిండి ఇంకొకళ్ళకి పెట్టనివ్వరు. సగం మందికి మింగుడు పడదు, గొంతులో అడ్డం పడితే? నాకు మాత్రం వద్దనడం ఇష్టమా? కావాలంటే ఆవిడ గదిలోకి తీసుకెళ్ళండి, అక్కడ ఎవరూ కనపడరు.”

గదికి తీసుకెళ్ళాం. తలుపేశాం. హెడ్విగ్ మంచం అంచున కూర్చుని ఖాళీ గోడ వైపు చాలాసేపు చూసింది. మొహం చిన్నబోయింది.

“ఒక్కరూ రాలేదా?”

“తిను హెడీ.”

“ఇంకా బోణీయే కాలేదు. ఎలా తినమంటావు?”

ఎవాల్డ్ బతిమాలాడు. తను తిన్నాడు, చూడమన్నాడు. “నువ్వు తింటే బోణీయా?” అంది. నన్ను ముందుకు తోశాడు. “బన్నులబ్బాయి దగ్గర డబ్బులు తీసుకోకు, వాడు మనవాడు,” అంది. చివరికి ఎవాల్డ్ కోప్పడ్డాడు. గట్టిగా అరిచాడు. ఆవిడ పెదవులు బిగించుకుని ఒళ్ళో చేతులు పెట్టుకుంది, చిన్నపిల్లలా. ఆయన చెంచా డబ్బాలోకి దించాడు. సాస్ మీద సన్నటి పొర కట్టింది. ఆ సాస్ సరిగ్గా కుదిరింది. అంతకంటే సరిగ్గా చెయ్యడానికి ఇక ఏమీ లేదు. అదే నాకు అన్నిటికంటే దారుణంగా అనిపించింది.

వచ్చేటప్పుడు ఇల్‌క్నూర్ గుమ్మం దగ్గర, “బుధవారం డాక్టర్ గారు వస్తారు,” అంది. ఆయన తలూపాడు.

తిరుగు ట్రామ్‌లో కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాడు. డిపో దాటింది. బండి ఉన్నచోట ఇప్పుడు సైకిళ్ళు పెట్టే ఇనప చట్రం ఉంది. అది చూస్తూ, నా వైపు తిరక్కుండానే మాట్లాడటం మొదలుపెట్టాడు.

“ఒరేయ్ హెన్నింగ్. మంగళవారం నాకోసం ఒక పని చెయ్యి. ఈ దిక్కుమాలిన జాకెట్ వేసుకోకు, మీ నాన్నది పాత కోటేదైనా వేసుకుని రా. నేను హెడీ గదిలో ముందే ఉంటా, నీ మొహం నాకు తెలీనట్టుంటా. నువ్వు తలుపు దగ్గర నిలబడి ఒక సాసేజ్ అడుగు. ఆవిడ మామూలా కారంగానా అంటుంది, నీ ఇష్టం. ఆవిడ చేత్తో వడ్డించేదాకా ఆగు. నిలబడే తిను, ఆవిడ ఎదురుగా, మొత్తం. అయ్యాక నీ వెనక ఇంకెవరూ లేరని చెప్పు. నువ్వే బోణీ, నువ్వే ఆఖరి గిరాకీవి. అప్పుడు తింటుందేమో. తినకపోతే నీ తప్పు కాదు, నేనేమీ అనను. కానీ ఆ రోజు పొద్దున్నుంచీ ఏమీ తినకురా. ఆకలితో రా. ఆకలి లేనివాడు తింటుంటే ఆవిడ ఇట్టే పట్టేస్తుంది.”